మిశ్రమ జాతి కుక్కపిల్లను బ్రీడర్ దగ్గర కొనాలనుకుంటే: ముందు తల్లిని చూడండి

రెండు జాతుల కలయికలో పుట్టిన కుక్కపిల్లను బ్రీడర్ దగ్గర డబ్బిచ్చి కొనడం తప్పా, ఒప్పా అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అయితే ఆ ప్రశ్నను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పవచ్చు. మనం ఇచ్చే డబ్బు మన ఒడిలోకి వచ్చే పిల్ల కోసం ఖర్చు కాదు. ఇంటికి తెచ్చుకున్నాక దాని తిండి, మందులు, ఆలనాపాలనా అన్నీ మనవే. ఆ డబ్బు బ్రీడర్ దగ్గరే ఉండిపోయిన తల్లి కుక్క తర్వాతి ఈతకు పెట్టుబడి అవుతుంది. కాబట్టి ఈ కొనుగోలులోని మంచిచెడ్డలన్నీ ఆ తల్లి ఇప్పుడు ఎలా బతుకుతోంది, ఇకముందు ఎలా బతకబోతోంది అన్నదాని మీదే ఆధారపడి ఉంటాయని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పిన పనులన్నీ ఆ సంగతి తెలుసుకోవడానికే. వీటిని ఇదే వరసలో చేయండి.

మొదటి పని: కారణం కాగితం మీద పెట్టండి

ఫొటోలు చూడకముందే, ఎవరికీ ఫోన్ చేయకముందే, మీకు ఫలానా కలయికే ఎందుకు కావాలో రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి. ఇంట్లో ఒక తోడు ఉండాలన్నదే కారణమైతే మీకు బ్రీడర్‌తో పని లేదు. షెల్టర్లలో ఇంటి కోసం ఎదురుచూస్తున్న మిశ్రమ జాతి కుక్కలు ఎన్నో ఉంటాయి. పైగా ఏడాదిన్నర దాటిన కుక్కను తెచ్చుకుంటే దాని ఎత్తు, బరువు ముందే తెలిసిపోతాయి. పిల్లలతో ఎలా మెలుగుతుందో, ఒంటరిగా వదిలితే ఏం చేస్తుందో కూడా అక్కడ రోజూ దాన్ని చూసుకునేవారు చాలావరకు చెప్పగలరు. రెండు నెలల పిల్ల విషయంలో ఇవన్నీ అంచనాలే. ఒక్కసారి షెల్టర్‌కు వెళ్లి, ఆ రోజు కనిపించిన కుక్కలేవీ మనసుకు పట్టలేదని తిరిగి వచ్చి, వెతకడం అయిపోయిందనుకోవడం సరికాదు. కొన్ని వారాల వ్యవధిలో రెండు మూడుసార్లు వెళ్లండి.

ఇంట్లో అలర్జీ ఉన్నవారున్నారు కాబట్టి వెంట్రుకలు పెద్దగా రాలని పూడుల్ జాతి కలిసిన కుక్కే కావాలన్నది తరచుగా వినిపించే కారణం. దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం మంచిది. ఆస్ట్రేలియాలో అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్ 1989లో లాబ్రడార్‌నూ పూడుల్‌నూ జత కలిపారు. హవాయిలో ఉన్న ఒక అంధురాలికి గైడ్ కుక్క కావలసి ఉండగా, ఆమె భర్తకు కుక్కల వెంట్రుకలు పడకపోవడం దానికి కారణం. పుట్టిన మూడు పిల్లల వెంట్రుకలు, లాలాజలం పరీక్ష కోసం పంపితే, ఆయనకు పడినది వాటిలో ఒక్కటే. లాబ్రడూడుల్ అన్న పేరు ఆ తర్వాత ప్రపంచమంతా పాకింది గానీ, మూడింటిలో ఒక్కటి మాత్రమే పనికి వచ్చిందన్న సంగతి ఆ పేరుతో పాటు ప్రయాణించలేదు. ఆ పేరు చెప్పి ఇష్టారాజ్యంగా కుక్కలను పుట్టించి అమ్ముతున్న తీరు చూసి, ఈ పని మొదలుపెట్టినందుకు పశ్చాత్తాపపడుతున్నానని కాన్రన్ స్వయంగా 2019లో చెప్పారు.

అలర్జీకి ప్రధాన కారణం కుక్క లాలాజలంలోనూ, చర్మం నుంచి రాలే సన్నని పొట్టులోనూ ఉండే ప్రొటీన్లు. వెంట్రుకలు తక్కువ రాలినంత మాత్రాన అవి లేకుండా పోవు. అమెరికా పరిశోధకులు 173 ఇళ్లలోని దుమ్మును పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, అలర్జీ కలిగించవని పేరున్న కుక్కలుండే ఇళ్లకూ మిగతా ఇళ్లకూ మధ్య ఆ ప్రొటీన్ పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి మీ కారణం ఇదే అయితే, అలర్జీ ఉన్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, మీరు తెచ్చుకోదలచిన కుక్కతోనే ఒకటికి రెండుసార్లు గంటల తరబడి గడపనివ్వండి. అలర్జీ రాదని హామీ ఇచ్చే బ్రీడర్‌ను అక్కడితో వదిలేయండి. ఆ హామీని నమ్మి కొన్న కుక్కను ఆరు నెలల తర్వాత వదిలించుకోవలసి వస్తే, ఇల్లు పోగొట్టుకునేది ఆ కుక్కే.

రెండో పని: మిశ్రమ జాతికి జబ్బులు రావన్న మాటను పరీక్షించండి

ఇందులో కొంత నిజం ఉంది. దగ్గరి సంబంధం ఉన్న కుక్కలను తరతరాలుగా కలిపినప్పుడు పైకి తేలే కొన్ని జబ్బులు, వేరు జాతులను కలిపినప్పుడు మరుగున పడతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన పశువైద్యులు 24 వంశపారంపర్య రుగ్మతలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 10 రుగ్మతలు శుద్ధ జాతి కుక్కల్లో ఎక్కువగా కనిపించాయి, మోకాలి లిగమెంటు తెగడం అన్న ఒక్కటి మిశ్రమ జాతి కుక్కల్లో ఎక్కువగా కనిపించింది, మిగిలిన 13 రుగ్మతల్లో తేడా లేదు. అయితే అందులోని మిశ్రమ జాతి కుక్కలు అన్ని రకాలవీ. ఇప్పుడు పేర్లు పెట్టి అమ్ముతున్న కలయికలను విడిగా పరిశీలించినది లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ. కాకపూ (కాకర్ స్పానియల్, పూడుల్ కలయిక), లాబ్రడూడుల్, కావపూ (కావలియర్ స్పానియల్, పూడుల్ కలయిక)లను వాటి మూల జాతులతో పోల్చి 2024లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, చేసిన పోలికల్లో 86.6 శాతం చోట్ల ఏ తేడా కనిపించలేదు.

దీనికి కారణం అర్థం చేసుకోవడం తేలిక. లాబ్రడార్‌కూ, పూడుల్‌కూ, కాకర్ స్పానియల్‌కూ కంటి రెటీనా క్రమంగా క్షీణించి చూపు పోయే ఒకే రకం జన్యులోపం ఉండవచ్చు. లోపాన్ని మోసే లాబ్రడార్‌నూ, అదే లోపాన్ని మోసే పూడుల్‌నూ జత కలిపితే జాతులు వేరైనా లోపం ఒక్కటే గనుక, ఆ ఈతలో ప్రతి పిల్లకూ చూపు కోల్పోయే ప్రమాదం నాలుగింట ఒక వంతు ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒక్కదానికైనా ఆ లోపం లేదని పరీక్షలో తేలితే ఆ జబ్బు పిల్లల్లో బయటపడదు. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా చాలు ఈ పరీక్షకు. అంత చిన్న పని కూడా చేయించని వ్యక్తి, మిశ్రమ జాతి కాబట్టి పరీక్షలతో పని లేదని చెబుతుంటే, అతనికి ఈ విషయం తెలియదని గానీ, తెలిసీ ఖర్చు తప్పించుకుంటున్నాడని గానీ అనుకోవాలి. రెండూ తల్లి కుక్కకు మంచివి కావు.

మూడో పని: తల్లిదండ్రుల కాగితాలు అడగండి

పిల్లకు వేసిన టీకాల కార్డును చూపించి పరీక్షలన్నీ అయ్యాయనే బ్రీడర్లు ఉంటారు. మీరు అడగవలసినది ఆ కార్డు కాదు. తల్లికీ తండ్రికీ ఆయా జాతుల్లో వచ్చే జబ్బుల కోసం చేయించిన పరీక్షల ఫలితాలు. పెద్ద జాతులు కలిసినప్పుడు తుంటి, మోచేయి కీళ్ల ఎక్స్‌రేలు, చిన్న జాతులైతే మోకాలి చిప్ప పరీక్ష, కావలియర్ స్పానియల్ కలిస్తే గుండె పరీక్ష, కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటివి కలిస్తే కొన్ని మందులు పడకుండా చేసే జన్యులోపానికి పరీక్ష తప్పనిసరిగా ఉండాలి. కాగితం మీది మైక్రోచిప్ సంఖ్య, మీ ఎదుట ఉన్న తల్లి కుక్క చిప్ సంఖ్య ఒకటేనో కాదో సరిచూసుకోండి.

తేదీలు కూడా చూడండి. అమెరికాలో 1966 నుంచి కుక్కల కీళ్ల ఎక్స్‌రేలను పరిశీలిస్తున్న ఓఎఫ్ఏ సంస్థ, కుక్కకు 24 నెలలు నిండితే తప్ప తుంటికి తుది ధ్రువపత్రం ఇవ్వదు. బ్రిటన్ పద్ధతిలో ఏడాది నిండాక ఎక్స్‌రే తీస్తారు. పదకొండు నెలలకే తొలి ఈత ఈనిన తల్లికి ఆ ఈత నాటికి ఈ రెండింటిలో ఏ పరీక్షా పూర్తయి ఉండదు. అంతకంటే ముఖ్యంగా, తన ఒళ్లే ఇంకా పూర్తిగా ఎదగకముందే పిల్లలను మోసిందన్నమాట. తల్లి వయసు, ఇప్పటికి ఎన్ని ఈతలు, గత ఈతకూ దీనికీ మధ్య ఎడం ఎంత, ఎన్నిసార్లు సిజేరియన్ అయింది, ఏ వయసులో దానికి ఈతలు ఆపేస్తారు అన్న ఐదు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు రావాలి. ఆపేశాక అది ఎక్కడ ఉంటుంది అన్న ఆరో ప్రశ్న కూడా అడగండి. దానికి వచ్చే జవాబులో ఆ మనిషి ఎలాంటివాడో చాలావరకు తెలిసిపోతుంది.

రంగు విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. నీలం, బూడిద రంగు మచ్చలతో పాలరాయిలా కనిపించే మెర్ల్ రంగుకు గిరాకీ ఎక్కువ. రెండు మెర్ల్ కుక్కలను జత కలిపితే ప్రతి పిల్లకూ ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. అలాంటి పిల్లలు చెవుడుతోనో, కంటి లోపాలతోనో పుట్టే ప్రమాదం చాలా ఎక్కువ. తల్లీ తండ్రీ రెండూ మెర్ల్ అని తెలిస్తే ఇంకేమీ అడగనక్కర్లేదు, వెనక్కి వచ్చేయండి. అలాగే చిన్న జాతి తల్లిని బాగా పెద్ద జాతి మగకుక్కతో కలిపిన ఈత నుంచి కూడా కొనకండి. కడుపులో పిల్లలు తల్లి కటికి మించి పెరిగితే కాన్పు కష్టమై తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు.

నాలుగో పని: వెళ్లండి, తల్లిని చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, చాలామంది ఎగ్గొట్టే పని కూడా. పిల్ల పుట్టిన చోటికే వెళ్లాలి. దారి మధ్యలో కలుద్దాం, పిల్లను మేమే తెచ్చి ఇస్తాం, ముందు డబ్బు పంపితే బండిలో పెట్టి పంపిస్తాం అన్నవారితో మాట అక్కడితో ముగించండి.

ఒకసారి మా బంధువుల కుటుంబంతో కలిసి ఒక పిల్లను చూడటానికి వెళ్లాను. ముందుగదిలో శుభ్రమైన బుట్టలో మెత్తటి తువ్వాలు పరచి నాలుగు పిల్లలను పెట్టారు. షాంపూ వాసన గుప్పున వస్తోంది, మెడలకు రిబ్బన్లు. తల్లి ఏదని అడిగితే నడకకు తీసుకెళ్లారన్నారు. మాతో వచ్చిన చిన్నపాప చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లి, అక్కడ ఇంకో కుక్క ఉందని పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. వెళ్లి చూస్తే సిమెంటు నేల మీద ఇనుప జాలీ వెనకాల అది నిలబడి ఉంది. గోళ్లు కొడవళ్లలా వంకర తిరిగి, అడుగు తీసి అడుగు వేస్తే నేలకు టకటకా తగులుతున్నాయి. మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడిపోయి చర్మం తోలుముక్కలా మందమెక్కింది. పాలు ఇంకా ఉన్న చన్నులు ఎర్రగా కందిపోయి వేలాడుతున్నాయి. ముందుగదిలో పిల్ల ఒకటి కుయ్యిమంటే, ఇక్కడ ఇది చెవులు నిక్కించి జాలీకి ముక్కు ఆనించింది. నడకకు వెళ్లే కుక్కకు గోళ్లు అలా పెరగవు. మేము కొనకుండా వచ్చేశాం. పాప దారి పొడవునా ఏడుస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి నేను ఎవరికి తోడుగా వెళ్లినా మొదట చూసేది తల్లి గోళ్లే. మీరూ అక్కడి నుంచి మొదలుపెట్టండి. తర్వాత మోచేతులు చూడండి. గట్టి నేల మీదే ఎప్పుడూ పడుకునే కుక్కకు అక్కడ కాయలు కాస్తాయి. పాలిచ్చే తల్లి కాస్త చిక్కడం, వెంట్రుకలు పలచబడటం సహజమే గానీ, డొక్కలు లోపలికి పోయి నడుం ఎముకలు లెక్కపెట్టేలా ఉండకూడదు. పళ్లు, చెవులు, కళ్లు శుభ్రంగా ఉన్నాయా, వెంట్రుకలు జడలు కట్టాయా చూడండి. యజమాని గదిలోకి రాగానే అది తోక ఊపుతూ ఎదురెళ్తుందా, మూలకు ఒదుగుతుందా, యజమాని చెయ్యి ఎత్తితే తల వంచుకుంటుందా అన్నది జాగ్రత్తగా గమనించండి. కొత్తవారిని చూసి తల్లి కాస్త బెరుకుగా ఉండవచ్చు. తనను పెంచిన మనిషిని చూసి బెదిరే తల్లి మాత్రం వేరే సంగతి చెబుతోంది.

చూపించిన కుక్క నిజంగా ఆ పిల్లల తల్లేనా అన్నది కూడా తేల్చుకోవాలి. పాలు లేని, పిల్లలు దగ్గరికి వస్తే విసుగ్గా పక్కకు జరిగిపోయే కుక్కను తల్లి అని నిలబెట్టే మోసం ఉంది. పిల్లలను దాని దగ్గర వదలమని అడిగి పది నిమిషాలు కూర్చోండి. ఏడెనిమిది వారాల పిల్లల పళ్లు సూదుల్లా ఉంటాయి కాబట్టి తల్లి వాటిని కొంత విదిలించవచ్చు, అయినా వాటిని వాసన చూస్తుంది, నాకుతుంది, అవి తనవని దాని ఒంట్లోనే తెలుస్తుంది. తండ్రి అక్కడ లేకపోవడం తప్పు కాదు. మంచి బ్రీడర్లు తగిన మగకుక్క కోసం బయటికి వెళ్తారు. దాని కాగితాలు మాత్రం ఉండాలి.

ఇంగ్లాండులో 2020 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన లూసీ చట్టం మూలంగా, ఆరు నెలల లోపు పిల్లను వ్యాపారంగా అమ్మాలంటే దాన్ని పుట్టించినవారే అమ్మాలి, పుట్టిన చోట తల్లితో కలిపి చూపించాలి. లూసీ అన్నది 2013లో వేల్స్‌లోని ఒక పెంపకం కేంద్రం నుంచి కాపాడిన కావలియర్ స్పానియల్. ఏళ్ల తరబడి బోనులో ఉంచి ఈతల మీద ఈతలు ఈనించడంతో దాని వెన్ను వంగిపోయింది. మీరున్న చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, తల్లితో కలిపి చూపమని అడిగే హక్కు కొనేవారిగా మీకు ఉంది.

ఐదో పని: పిల్ల పెరుగుతున్న చోటు చూడండి

మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. ఎనిమిది వారాలకు మీ ఇంటికి వచ్చేసరికి అందులో దాదాపు సగం బ్రీడర్ దగ్గరే గడిచిపోతుంది. అందువల్ల ఇంటి మనుషుల మధ్య, గిన్నెల చప్పుడు, తలుపుల చప్పుడు వింటూ పెరిగిన పిల్లకూ, షెడ్డులో పెరిగిన పిల్లకూ ఎంతో తేడా ఉంటుంది. ఎనిమిది వారాలు నిండకుండా ఇస్తామంటే వద్దనండి. నట్టల మందు రెండో వారం నుంచే మొదలుపెట్టి ఉండాలి, మొదటి టీకా వేసి ఉండాలి, వాటి తేదీలు రాసి ఉండాలి. ఒకే చోట నాలుగైదు రకాల కలయికలు, ఎప్పుడు అడిగినా సిద్ధంగా ఉన్న పిల్లలు కనిపిస్తే, అక్కడ తల్లులు ఎన్ని ఉండాలో, అవి ఎక్కడ ఉన్నాయో లెక్క వేసుకోండి.

ఆరో పని: జాలితో కొనకండి

ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. నీరసంగా, ముక్కు కారుతూ, మీ చేతివేళ్లు నాకుతున్న పిల్లను ఆ చోట వదిలి రావడం మామూలు మనిషికి చేతకాని పని. దీన్నైనా కాపాడదామని డబ్బిచ్చి తెచ్చుకునేవారి మనసు మంచిదే. అయితే ఆ డబ్బు అందుకున్న మనిషికి మీ జాలి అర్థం కాదు. ఇంత నీరసంగా ఉన్న పిల్ల కూడా అమ్ముడుపోయిందన్న లెక్క ఒక్కటే అర్థమవుతుంది. తల్లి మళ్లీ ఎదకు రాగానే మళ్లీ జత కడతారు. ఆ పిల్లను కాపాడాలని నిజంగా ఉంటే చోటు, తేదీ, మీరు చూసినవి చూసినట్టు రాసి, దొరికితే ఫొటోలతో సహా జంతు సంరక్షణ అధికారులకు ఫిర్యాదు చేయండి. పిల్లను ఎత్తుకోకముందే కాగితాలు, తల్లి అన్నీ చూసేయడం మంచిది. చేతుల్లోకి తీసుకున్నాక వద్దనడం చాలా కష్టం. వెళ్లిన రోజే డబ్బు ఇవ్వకూడదని ఇంట్లోనే అనుకుని బయలుదేరండి.

ఏడో పని: ఒప్పందం రాయించుకోండి

మంచి బ్రీడర్ మిమ్మల్ని ప్రశ్నలు వేస్తాడు. రోజూ ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు, పూడుల్ కలిసిన వెంట్రుకలను రోజూ దువ్వే ఓపిక ఉందా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడుగుతాడు. దానికి నొచ్చుకోకండి. ఒప్పందంలో రెండు షరతులు చూడండి: మీరు ఏ కారణం చేతనైనా, ఏ వయసులోనైనా కుక్కను ఉంచుకోలేకపోతే తిరిగి తనకే ఇవ్వాలన్నది ఒకటి, వంశపారంపర్య జబ్బు బయటపడితే ఏం చేస్తాడన్నది రెండోది. జబ్బు వస్తే పిల్లను వెనక్కిచ్చి ఇంకోటి తీసుకోండి అన్న మాట ఒక్కటే ఉంటే సరిపోదు, ఎందుకంటే ఏడాది పాటు పెంచుకున్న కుక్కను ఎవరూ అలా ఇచ్చిపుచ్చుకోరు. కుక్కను స్టెరిలైజ్ చేయించాలని, దానితో పిల్లలు పెట్టించకూడదని బ్రీడర్ షరతు పెడితే సంతోషంగా ఒప్పుకోండి. ఏ వయసులో చేయించాలో మీ పశువైద్యుణ్ణి అడగండి.

ఎనిమిదో పని: కొన్న తర్వాత కూడా కబురు చేస్తూ ఉండండి

రెండు మూడు రోజుల్లో మీ సొంత పశువైద్యుడికి చూపించి, గుండె, కీళ్లు, కళ్లు పరీక్షించమని అడిగి, ఆ నివేదిక నకలు బ్రీడర్‌కు పంపండి. మొదటి రెండేళ్లలో కీళ్ల నొప్పి, చర్మ సమస్య, మూర్ఛ, విపరీతమైన భయం వంటివి కనిపిస్తే, అతన్ని ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకోకుండా పరీక్షల ఫలితాలతో సహా తెలియజేయండి. అదే ఈతలో పుట్టిన మిగతా పిల్లలు ఎలా ఉన్నాయో అడగండి. వీలైతే వాటి యజమానులతో కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. ఒక్క పిల్లకు మూర్ఛ వస్తే యాదృచ్ఛికం కావచ్చు, ఆరింటిలో మూడింటికి వస్తే తల్లిదండ్రుల రక్తంలో ఉందని అనుమానించాలి. ఈ కబురు సమయానికి అందితే, తల్లి మళ్లీ ఎదకు వచ్చే లోపు అదే జతను కలపాలా, మగకుక్కను మార్చాలా, ఆ తల్లిని ఇక పూర్తిగా ఆపేసి ఇంట్లో కుక్కగానే ఉంచుకోవాలా అన్నది బ్రీడర్ నిర్ణయించుకోగలుగుతాడు.